ధన్యకు ఇక బూట్లు కొనొచ్చు

అన్నా,

మన ధన్య నడిచింది! ఫోన్‌లో చెబుదామంటే ఏడుపు ఆగలేదు, అందుకే రాస్తున్నాను. పుట్టినప్పుడు లోపలికి తిరిగి ఉన్న ఎడమ పాదం, నెలల తరబడి పిండికట్టులో ఉన్న ఆ పాదం, ఇప్పుడు నేలమీద తిన్నగా ఆనుతోంది.

నిన్న పొద్దున నేను పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోస్తుంటే మా అత్త ఇంటి ముందు నుంచి కేకేసింది. "ఏమ్మా, ఆకు ఆడ పారేసి ఈడికి రా! పాప ఎవురినీ పట్టుకోకుండా నడిచొచ్చింది!" నేను పరుగెత్తేసరికి ధన్య ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని నవ్వుతోంది.

వెంటనే హోసూరు తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించాం. "ఇంట్లో ఒట్టికాళ్లతోనే నడవనీండమ్మా. బయట నడిచేదానికి ఇంక బూట్లు కొనొచ్చు" అన్నారు. రాత్రి పడుకునేటప్పుడు పాదం మళ్లీ లోపలికి తిరగకుండా రెంటినీ కమ్మీతో కలిపిన ఆ బూట్లు ఇంకా తప్పవు. కానీ పగలు, అందరి పిల్లల్లాగే!

మొదటి బూట్లు మేనమామే తేవాలని నువ్వు ఎన్నిసార్లు అడిగినా నేను వద్దన్నాను. ఇప్పుడు రా. అయితే మీ ఊత్తంగరైలో అంచనాకు కొని తేవద్దు. పాపను నిలబెట్టి, పాదం కొలిపించి, వేళ్ల ముందు కాస్త చోటు చూసుకుని హోసూరులోనే కొందాం. బూటు అడుగు మెత్తగా వంగాలి.

మా అత్తది మాత్రం ఒకటే పట్టు. పాప పుట్టిన రోజు ఆ పాదానికి గుడ్డ చుట్టి, చూడవచ్చిన వాళ్లకు కనబడకుండా దాచిన మనిషి, ఇప్పుడు "అడుగేస్తే కీచుకీచుమనేవే తేవల్ల, వీధి వీధంతా వినబడల్ల" అంటోంది.

నీ చెల్లెలు,
కెలమంగలం