హల్లెలూయమ్మ ఎవరిదో తేల్చే వీలునామా

ఆళ్లగడ్డ కాపురస్తురాలు, కీర్తిశేషులు ఏసయ్య భార్య, బట్టలు కుడుతూ వాక్యం చెప్పే దీనమ్మ అను నేను, బుద్ధి స్థిరంగా, నాలుక పదునుగా ఉండగానే, ఎవరి బెదిరింపుకూ లొంగక స్వహస్తాలతో రాసుకున్న వీలునామా. నాకు అక్షరాలు బడి ఇవ్వలేదు, బైబిలు ఇచ్చింది.

1. కుట్టుమిషను నా చెల్లెలు కృపావతికి. తిట్టకుండా తొక్కితే మాట వింటుంది.

2. కంప్యూటర్ ఆట ఆడుతున్నానని నా చేతిలో మైకు లాక్కున్న సంఘ పెద్దలకు నా కంజీర. ఆదివారం ఆరాధనకు రాకుండా తప్పిపోయిన పిల్లల్ని వెతుక్కుంటూనే నంద్యాల నెట్ సెంటరుకు వెళ్లాను. తప్పిన గొర్రె కోసం పోయిన కాపరిని మెచ్చుకుంటారు, నన్ను తప్పుబడతారు. వాయించుకోండి.

3. ఇక అసలు ఆస్తి. ఆ ఆటలో నేనూ కృపావతి కూతురు ఫెబా కలిసి పెంచిన పాత్ర హల్లెలూయమ్మ. కత్తి పట్టదు. పడిపోయినవాణ్ణి, ఎదుటి గుంపువాడైనా సరే, మందు వేసి లేపుతుంది. సెంటరు నడిపే నా అన్న కొడుకు ప్రేమ్ సాగర్ దీన్ని కర్నూలువాడెవడికో అమ్మబోయాడు. "నా మిషన్ల మీద పుట్టింది, నా కరెంటు తాగింది, నాది కాకుండా ఎట్లయితాది అత్తా?" అన్నాడు. మరి కొట్టంలో పుట్టిన యేసు ఆ కొట్టం యజమాని సొత్తా?

కొనేవాళ్లు నమ్మేది, పాత్ర బలాన్ని లెక్కగట్టి చెప్పే సైటు ఒకటుంది. కంపెనీది కాదు, ఆటగాళ్లే పెట్టుకున్నది. పాత్ర నీదేనని ముందు రుజువు చూపమంటుంది. "పాస్‌వర్డ్ చెప్పత్తా బిరీన, నీకేం తెలుస్తాది ఇయన్నీ" అని ప్రేమ్ సాగర్ మీద పడ్డాడు. నేను చదివి చూశాను. సైటు పాస్‌వర్డ్ అడగనే లేదు. కొన్ని అక్షరాలిచ్చి, పాత్ర పరిచయం పేజీలో రాయమంది, వచ్చి చూసుకుంటామంది. ఆ పేజీ ఎవరైనా చూడొచ్చు, రాయగలిగేది పాస్‌వర్డ్ అనే తాళమున్నవాళ్లే. బైబిల్లో తామారు, తన మామ తన దగ్గర కుదువ పెట్టిన ముద్ర, దారం, కర్ర అతనికే గుర్తుగా పంపి నోరు మూయించింది. తాళం అడిగేవాడు దొంగ, గుర్తు అడిగేవాడు సాక్షి. ఫెబా రాసింది, సైటు ఒప్పుకుంది, సెంటరంతా చూసింది.

4. ప్రేమ్ సాగర్‌కు నా నల్ల గొడుగు. చిన్నప్పుడు వానలో నా కొంగు కిందే నడిచేవాడు. కోపం కోపమే, తడవనివ్వను.

5. నా తర్వాత తగువు వస్తే, ఈ వీలునామా అమలు చేయవలసిన గోస్పాడు యోహాను మాస్టరు వేరే సెంటరులో కూర్చుని, అప్పటికప్పుడు తోచిన వచనమొకటి తగువు పడ్డవాళ్లిద్దరికీ చెప్పవలెను. దాన్ని హల్లెలూయమ్మ పేజీలో ఎవరు రాసి చూపితే పాత్ర వారిది. ప్రేమ్ సాగర్‌నూ రమ్మనండి. ఆట నడిపే కంపెనీ మాత్రం పాత్రలన్నీ తనవేనని, ఒకరికి రాసివ్వరాదని నియమం పెట్టిందట. భూమీ దాని నిండుదనమూ దేవునివి; కంపెనీవాడూ అద్దెకున్నవాడే.

నన్ను మంచాన కట్టేసి అడిగినా పాస్‌వర్డ్ రాదు. పోయిన నెల ఫెబా చేతనే మార్పించాను, కొత్తది నాకు చెప్పొద్దన్నాను. ఈ రోజు ఆ సైటు నన్నే రుజువు అడిగితే నేను ఓడిపోతాను. స్తోత్రం! హల్లెలూయమ్మను ఫెబాకు రాసివ్వడం లేదు, ఇచ్చేశాను.

ఆళ్లగడ్డ, 14 నవంబరు 2009
(సంతకం) దీనమ్మ

సాక్షులు:
విజయమ్మ, పక్కింటామె
భీమన్న, టీ అంగడి