కార్నర్లు మారే రౌండు

హర్యానా బాక్సింగ్ క్యాంపు,
జూలై 26

ప్రియమైన నాన్నకి,

మౌనిక నమస్కారాలు. ఇక్కడ ఫోన్లన్నీ లాకర్లో పెట్టేశారు. ఆగస్టు తొమ్మిదిన సెలక్షన్ ట్రయల్స్ అయ్యేదాకా ఇవ్వరట. అందుకే ఈ కాయితం. ఏడో క్లాసులో లీవు లెటరు తర్వాత ఇంత పొడుగ్గా రాయడం ఇదే, నవ్వకు.

ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మెస్‌లో ప్లేటు ముందు కూడా మోకాలు ఊగుతూనే ఉంటుంది. నా బరువులో ఇద్దరమే మిగిలాం, నేనూ, శ్రావణి అనే విజయనగరం పిల్లా. దానికి ఇరవై, నాకు ఇరవై ఎనిమిది. గెలిచినదానికి ఇండియా జెర్సీ. నాకిదే ఆఖరి ఛాన్సు.

అందుకని మన పాత ఆట మొదలుపెడుతున్నాను. 1938 నాటి ఛాంపియన్ జో లూయిస్‌కీ 1952 నాటి ఛాంపియన్ రాకీ మార్సియానోకీ పడితే గెలుపెవరిది? వాళ్లు నిజంగా తలపడినప్పుడు లూయిస్‌కి ముప్పై ఏడేళ్లనీ, ముసలాణ్ణి ఎనిమిదో రౌండులో పడగొట్టడం కూడా ఒక గెలుపేనా అనీ నువ్వు నా చిన్నప్పట్నుంచీ గొణుగుతూనే ఉన్నావు. సరే, వయసులో ఉన్న లూయిస్‌ని నీకే ఇచ్చాను. నేను మార్సియానో.

కానీ ఒక మెలిక ఉంది. బౌటుకి రెండు వారాల ముందు, ప్రాక్టీసులో లూయిస్ ఎడంకంటికి దెబ్బ తగిలిందనుకో. కంటి మూల నల్లటి తెర. ఎవరికీ చెప్పలేదు. రింగులో దిగాలా, మానాలా? మానాలని నేనంటాను.

రూల్స్ పాతవే. ఈ ఉత్తరం ఒక రౌండు, నీ జవాబు రెండో రౌండు. మూడో రౌండులో కార్నర్లు మారాలి, నీ వాదన నేను, నా వాదన నువ్వు. మారి వాదించలేనివాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు మన రైల్వే ఇన్‌స్టిట్యూట్ రింగు దగ్గరి ఇత్తడి గంట తోమాలి. నేనింతవరకూ ఒక్కసారీ తోమలేదు, గుర్తుందిగా?

నీ
మౌనిక

*

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
జూలై 30

నా చిట్టితల్లి మౌనికకి,

ఓసి గడుగ్గాయీ! లూయిస్‌ని నాకిచ్చినట్టే ఇచ్చి కన్ను పీకేశావా? నీ మార్సియానోకి అంత భయమా?

విను. లూయిస్ దిగుతాడు. దిగి తీరతాడు. ఒక కన్ను మూసుకుని కొడతాడు. ఆ ఎడంచేతి జాబ్ గుద్దుల ముందు మార్సియానో నాలుగో రౌండు చూడడు. ఛాంపియన్ అన్నవాడు స్టూలు మీద కూర్చుని కన్ను నొప్పి, కాలు నొప్పి అనడు. రైల్వే వర్క్‌షాపులో నా పక్క మిషను క్రిస్టోఫర్ దాదాని అడిగాను. మిషను ఆపేసి మరీ "నూకయ్యా, ఇందులో అడగడానికేటుంది, దిగాల్సిందే" అన్నాడు. రెండో సైరను దాకా ఇదే గొడవ. ఫోర్‌మన్ తిట్టాడు.

మీ అమ్మకి మన గోల నచ్చలేదు. "సచ్చిపోయినోలకి దెబ్బలాటలెట్టి ఏటి సుఖం?" అంటోంది. నువ్వు సరిగా తింటున్నావా అని పదిసార్లు అడగమంది, ఒక్కసారే రాస్తున్నాను.

శ్రావణి అనే పిల్లకి ఇరవై అయితే ఏమిటి? దాని కాళ్లు చురుకు, నీ బుర్ర చురుకు. నా కూతురు గెలుస్తుంది.

గంట తోమడానికి సిద్ధంగా ఉండు.

మీ నాన్న,
నూకయ్య

*

ఓల్డ్ సెటిల్‌మెంట్
ఆగస్టు 4

బంగారుతల్లీ,

ఇది మూడో రౌండు. ఎందుకు మానాలో నేను రాయాలి. రాద్దామని కూర్చుని, ముందు నీ ఉత్తరం మీ అమ్మకి పైకి చదివాను. అమ్మ బియ్యం ఏరుతోంది. మెలిక దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆపేసింది.

"ఆ లూయిస్ అన్నోడికి నిజంగా దెబ్బ తగిలినాదా?"

"లేదే, ఊరికే అనుకోమంది."

"మరి ఎడంకన్నే అని ఎలా రాసినాది? నల్లటి తెర అని ఎలా తెలిసినాది? ఆ మడిసి గురించి కాదు. మన గుంట గురించి, మౌనిక గురించి. నీకేటీ తెలీదేటి?"

నాకేమీ తెలియలేదమ్మా. నువ్వు నన్ను అడిగావు, నేను పందెంలో గెలవాలని నోటికొచ్చింది రాసేశాను. ఒక కన్ను మూసుకుని కొడతాడట! నా నోరు పడిపోను. పొద్దుట్నుంచి వాకిట్లోకీ గదిలోకీ తిరుగుతూనే ఉన్నాను. షాపుకి వెళ్లలేదు.

క్యాంపు డాక్టరు నంబరు సంపాదించి రెండుసార్లు నొక్కాను, రెండుసార్లూ పెట్టేశాను. నేను చెబితే నిన్ను తీసేస్తారు. నీ ఇరవై ఎనిమిదేళ్లూ నా నోటితో తీసేసినట్టవుతుంది. చెప్పకపోతే నీ కన్ను పోతుంది. భయంగా ఉంది తల్లీ.

ముప్పై ఏళ్లు ఇన్‌స్టిట్యూట్‌లో టైమ్‌కీపరుగా కూర్చున్నాను. రౌండు ముగియడానికి పది సెకన్ల ముందు చెక్కసుత్తితో మూడు దెబ్బలు కొడతాను, ఆడేవాళ్లకి తెలియడానికి. ఈ ఉత్తరం ఆ మూడు దెబ్బలే అనుకో. ఏడో తారీఖు సాయంత్రంలోగా నువ్వే డాక్టరుకి చెప్పు. లేకపోతే గంట నేను కొట్టేస్తాను. ఆ తర్వాత జన్మంతా నాతో మాట్లాడకపోయినా సరే.

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. సమయానికి అందితే అదృష్టం.

నీ నాన్న

*

హాస్పిటల్ నుంచి
ఆగస్టు 5

ప్రియమైన నాన్నకి,

కోచ్ మేడమ్ ఈపాటికి నీకు ఫోను చేసి చెప్పే ఉంటుంది. నేనే చేస్తే అమ్మ గొంతు వినగానే ఏడ్చేస్తాను. అందుకే మిగతాది రాస్తున్నాను. కుడికన్ను బాగానే ఉంది, కంగారుపడకు.

నీ జవాబు నిన్న అందింది. "దిగి తీరతాడు" అన్న మాట చదివి నిజంగా సంతోషించాను. నాక్కావలసింది అదే. చెప్పకుండా ఆడేద్దామని తేల్చేసుకున్నాను. ఇవాళ పొద్దున్న మూడో రౌండు రాయడానికి కూర్చున్నాను. ఎందుకు దిగాలో నేను వాదించాలి కదా. నేను ఏ కార్నర్‌లోనైనా వాదించగలనని నీకు తెలుసు.

ఒకటి, జెర్సీ అని రాశాను. రెండు, వయసు అని రాశాను. మూడోది తోచలేదు. నువ్వు చెప్పినట్టే ఒక కన్ను మూసుకుని చూద్దామనిపించింది. కుడికన్ను మూశాను. నా చేత్తో రాసిన 'లూయిస్' అన్న మాటలో సగమే కనపడింది. ఇంకోసారి చూశాను. సగమే. మిగతా సగం నల్లగా ఉంది.

అంతే నాన్నా. పెన్ను పెట్టేసి డాక్టరు గదికి నడిచాను.

కంటి వెనక పొర చిరిగిందట. ఇంకొక్క గుద్దు పడితే కన్ను దక్కేది కాదన్నారు. మధ్యాహ్నం లేజర్ చేశారు, ఉంటుందన్నారు. తొమ్మిదిన జెర్సీ శ్రావణిదే. ఇందాక వచ్చి నా మంచం పక్కన నిలబడి "అక్కా, మనం ఆడకుండా ఇదేం గెలుపు?" అని ఏడ్చింది. అచ్చం లూయిస్ గురించి నువ్వు గొణిగినట్టే ఉంది. దాన్ని నేనే ఓదార్చాను. అది వెళ్లాక బాగా ఏడ్చాను, కంటికి తడి తగలకూడదని డాక్టరు చెప్పినా ఆగలేదు.

నీ మూడో రౌండు ఉత్తరం ఇంకా రాలేదు. ఎందుకు మానాలో నువ్వు ఏం రాశావో తెలీదు. ఏం రాసినా సరే, నేను కార్నర్ మారలేకపోయాను, రూలు ప్రకారం ఓడిపోయాను. మొదటిసారి.

పదిరోజుల్లో పంపించేస్తారట. గంట ఇంటికి తెచ్చి ఉంచు. అమ్మని చింతపండు నానబెట్టమను.

నీ
మౌనిక