లక్కతో అతికించిన రెక్క

తమ్ముడు కైలాసానికి, గౌలిపుర నుంచి అక్క రాస్తున్నది.

ఫోన్ చేస్తే మా అబ్బాయి నరహరి చెవిన పడుతుందని ఉత్తరం రాస్తున్నాను. మొన్న మీ విశాఖలో వాడి సర్ఫింగ్ పలక అలల్లో అడ్డం తిరిగి వాడు పడిపోతే, అందరి ముందర "పోరా, లాడ్ బజార్ల గాజులమ్ముకో పో" అన్నావట. అక్కడ సర్ఫింగ్ నేర్పే ఉద్యోగం చేజారిందని నా కొడుకు నాకు చెప్పలేదు, కోడలికి చెప్పాడు.

తప్పు వాడిది కాదు. తొమ్మిది అడుగుల పలకను ఆరు నెలలు చెక్కి, రుద్ది సొంతంగా చేసుకున్నాడు. అడుగున వెనక వైపు, నీళ్లలో పలక అడ్డం తిరగకుండా పట్టే పెద్ద రెక్క ఒక్కటే చాలన్నాడు. "ఒక్కదాని మీద ఎట్ల ఆగుతవు బిడ్డా, నాకు ఫికరైతంది" అని నేనే లొల్లి పెట్టి, పక్కలకు రెండు చిన్నవి పెట్టించాను. బయలుదేరే పొద్దున అందులో ఒకటి ఊడి నా చేతికొచ్చింది. నేను పెట్టించిందే ఊడిందని తిడతాడేమోనని భయపడి, గాజుకు రాయి అతికించినట్టు లక్కతో అతికించాను. నలభై ఏళ్లు నిప్పుల మీద లక్క కరిగించినదాన్ని, మీ ఇసుకలో ఎండ ఉంటుందని మరిచిపోయాను.

ఈ మాట అక్కడి వాళ్లకు చెప్పి వాడిని మళ్లీ పిలిపించు. వాడు మాత్రం నా పేరు ఎత్తడు.

నిన్న ఆ పలకను కోసి, నా గాజుల సామాను పెట్టుకోవడానికి గోడకు బిగించాడు. స్క్రూలు తిప్పుకుంటూ, నా వైపు చూడకుండా, "ఇది ఎండకు ఊడదమ్మా" అన్నాడు.

లక్క సంగతి నేను వాడికింకా చెప్పనే లేదు.

మీ అక్క