తమ్ముడి మొదటి అబద్ధం

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. మేం ముగ్గురం కులాసాగానే ఉన్నాం, మీ నాన్న మోకాలొక్కటే మాట వినడం లేదు. నీ ఉత్తరం అందింది. యూనివర్సిటీలో అంతమంది ముందు ఉపన్యాసం ఇవ్వబోతున్నావని చదివి, కుట్టుమిషను దగ్గర నుంచి లేచి వెళ్లి పక్కింటావిడకు చెప్పి వచ్చాను. ఆవిడ అడగలేదు, అయినా చెప్పాను.

నువ్వు రాసినవన్నీ మళ్లీ మళ్లీ చదివాను. చల్లటి నీళ్లలో కప్పగా మారకుండా తోకతోనే ఉండిపోయే తోకకప్పలు, కాస్త పెద్దవగానే బొమ్మలు గీయడంలో ఇక ముందుకు కదలని పిల్లలు, కొంతదూరం పరిగెత్తి నడుమ చతికిలబడే దేశాలు. ఏ శాస్త్రం వాళ్లయినా దీన్ని ‘ఆగిన ఎదుగుదల’ అనే అంటారన్నమాట. మీ నాన్నకు చదివి వినిపిస్తే, “నా జీతం మీద ఏ శాఖవాళ్లూ పరిశోధన చెయ్యలేదా?” అన్నారు. ఆయన వేళాకోళం నీకు తెలిసిందే.

ఇక అసలు సంగతి. ఉపన్యాసం చివర తమ్ముణ్ణి ఉదాహరణగా చెప్పవచ్చా అని అడిగావు. “వీడి బుద్ధి ఏడేళ్ల వయసు దగ్గర ఆగిపోతుందమ్మా” అని చిన్నప్పుడు డాక్టరుగారు అన్న మాట కూడా రాశావు. ఆయన్ని తప్పుపట్టను. ఇంతవాడైనా వాడికి గడియారం చూడటం రాదు. కానీ హోటల్ లాండ్రీలో కొత్తగా చేరినవాళ్లకు దుప్పట్లు మడతపెట్టడం ఇప్పుడు వాడే నేర్పుతున్నాడు. మూలలు కలవకపోతే మొత్తం విప్పించి మళ్లీ పెట్టిస్తాడట. “మీవాడితో వేగలేకపోతున్నాం అండీ” అని వాళ్ల సూపర్‌వైజరు నా దగ్గర వాపోయింది. పైకి అయ్యో అన్నాను గానీ లోపల పొంగిపోయాను.

ఇప్పుడొక మాట చెబుతాను, కోప్పడకు. కిందటి ఉత్తరంలోనే రాయవలసింది, దాచాను. తమ్ముడు మనింట్లో ఉండటం లేదు. వాడితో పాటు దుప్పటి రెండో కొస పట్టుకునే స్నేహితుడొకడున్నాడు. ఇద్దరూ కలిసి లాండ్రీకి దగ్గర్లో గది తీసుకున్నారు. “ఈ వారమంతా పని ఎక్కువమ్మా, ఆలస్యమవుతుంది” అని నాతో చెప్పి, గదులు చూస్తూ తిరిగారట. నోట్లో నువ్వుగింజ నానని వాడు, నీ పుట్టినరోజుకు ఏం కొన్నామో గుమ్మంలోనే అరిచి చెప్పేసేవాడు, నాతో అబద్ధమాడాడే! అదీ తడుముకోకుండా! తెలిశాక కోపం వచ్చింది, వెంటనే నవ్వొచ్చింది, తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. కొడుకు అబద్ధమాడాడని ఇంత గర్వపడిన తల్లి ఇంకొకతె ఉండదు. ఇప్పుడు ఆదివారాలు చుట్టంలా వచ్చి కూర్చుని, “టీ పెడతావా, త్వరగా వెళ్లాలి” అంటాడు.

నీకెందుకు చెప్పలేదంటావా? వెంటనే రెక్కలు కట్టుకుని వచ్చి వాణ్ణి ఇంటికి లాక్కొస్తావని భయం. నీ ప్రేమ నాకు తెలుసు.

నువ్వడిగినదానికి వాడి తరఫున నేను జవాబివ్వడం ఇక బాగుండదనిపించింది. మొన్న వచ్చినప్పుడు నీ ఉత్తరం వాడికే చదివి వినిపించాను. తోకకప్పల దగ్గర నవ్వాడు. డాక్టరుగారి మాట దగ్గర మాత్రం టీ కప్పు కింద పెట్టేశాడు. తర్వాత అన్నాడు:

“అక్క చెప్పొచ్చు. కానీ నేనూ వస్తా. ముందు వరసలో కూర్చుంటా. నేను ఆగిపోయానని చెప్పిందనుకో, చెయ్యెత్తుతా.”

వాడికో కుర్చీ అట్టిపెట్టు.

ఇట్లు,
మీ ఇద్దర్నీ కన్న
అమ్మ