విజయ్ పాల్ సార్ గొంతు

జూన్ 9, సోమవారం

ఆశాజ్యోతి గారు ఫోన్ చేశారు. విజయ్ పాల్ సార్ భార్య. భీమవరం పాలిటెక్నిక్‌లో నాకు లెక్కలు చెప్పిన సార్ ఆయన. ఫిబ్రవరిలో కాన్సర్ ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారట. ఇక మాట రాదు. ఏం కావాలన్నా నోట్‌బుక్‌లో రాసి చూపిస్తున్నారట.

ఆవిడ అడిగింది ఒక్కటే. మా కంపెనీ కోసం సార్ రికార్డ్ చేసిన పాఠాల్లో ఒక్కటైనా వినిపించమని. సైట్ తెరుచుకోవడం లేదట.

చూస్తానండీ అన్నాను.

జూన్ 10

రాజమండ్రిలోని ఆ ఆన్‌లైన్ కోచింగ్ కంపెనీకి వీడియో ప్లేయర్ రాసింది నేనే. పాఠాలన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేశాం. ఫైల్ ఎవరి చేతికి చిక్కినా ఉపయోగం ఉండదు. బ్రౌజర్‌లో నా స్క్రిప్ట్ సర్వర్‌ని కీ అడగాలి. చూసేది మా స్టూడెంటే అని తేలితే సర్వర్ కీ ఇస్తుంది. అప్పుడే బొమ్మా, మాటా.

కంపెనీ కిందటేడు మూసేశారు. సార్ పాఠాలు నూట అరవై నాలుగూ నా పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. కీలు లేవు. ప్లే నొక్కితే నల్లటి తెర.

జూన్ 12, భీమవరం

సార్ బాగా చిక్కిపోయారు. గొంతు దగ్గర తెల్ల గుడ్డ. నన్ను చూసి నవ్వి, ప్లేయర్ పని చేస్తోందా అని రాసి చూపించారు. సర్వర్ ప్రాబ్లమ్ సార్, చూస్తున్నాను అన్నాను. అబద్ధం.

మొదట రికార్డ్ చేసిన ఫైళ్లు ఇంట్లో కంప్యూటర్‌లోనే ఉండేవని ఆశాజ్యోతి గారు గుర్తు చేశారు. బయటికి పోతాయి, చెరిపేయమని అప్పట్లో నేనే చెప్పాను. సార్ నా ఎదుటే చెరిపారు. పెన్ డ్రైవ్ కూడా తెచ్చి, ఇందులోవి కూడానా అని అడిగారు. అవునన్నాను.

జూన్ 13

చెప్పాలి. చెప్పలేదు.

జూన్ 15, ఆదివారం, మధ్యాహ్నం

ఇంకొకటి ఇక్కడైనా రాయాలి. కిందటి నవంబర్‌లో సర్వర్లు చూసే అనిల్ కుమార్ మెయిల్ పెట్టాడు. కీల డేటాబేస్ తీసేస్తున్నాం, ఉంచాల్సినవి ఏమైనా ఉన్నాయా అని. అప్పుడు నేను బస్సులో ఉన్నాను. ఏమీ లేవు, తీసేయొచ్చు అని జవాబిచ్చాను. సార్ గుర్తుకే రాలేదు.

జూన్ 17

ఫైళ్లు విప్పి చూశాను. మొదటి ఐదు సెకన్లకి ఎన్‌క్రిప్షన్ లేదు. వీడియో త్వరగా మొదలవడానికి ఎన్‌క్రిప్ట్ చేసే టూల్ దానంతటదే అలా వదిలేస్తుందట. కీ రాకుండా ఏమీ మొదలుపెట్టొద్దని నా స్క్రిప్ట్‌లో రాశాను కాబట్టి ఎన్నడూ గమనించలేదు.

అన్నిట్లోంచీ ఆ ఐదు సెకన్లు తీసి వరసగా అతికించాను. పదమూడు నిమిషాల నలభై సెకన్లు. విన్నాను. నమస్తే పిల్లలూ, కిందటి క్లాసులో మనం... అక్కడికి తెగిపోతుంది. మళ్లీ నమస్తే పిల్లలూ. మళ్లీ. డెబ్బై ఒకటో పాఠం మాత్రం అలా లేదు.

జూన్ 21, శనివారం

ముందు నిజం చెప్పాను. మెయిల్ సంగతితో సహా. ఇద్దరూ విన్నారు. సార్ నోట్‌బుక్ తీసి, చెరిపిన చేతులు నావే అని రాశారు.

ఆశాజ్యోతి గారు అది చదివి నా వైపు తిరిగారు.

“ఆయన నిన్ను తప్పు పట్టరు, దుర్గా. నేను పట్టకుండా ఉండలేకపోతున్నానమ్మా.”

ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాను. నమస్తేలన్నీ ఆవిడ కదలకుండా విన్నారు. డెబ్బై ఒకటి వచ్చింది. కెమెరా ఆన్ అయిందని సార్‌కి తెలియదు. పక్కకి చూస్తున్నారు.

“ఆశా, ఆ ఫ్యాను కాస్త ఆపు. వద్దులే, నీకు ఉక్కపోస్తుంది.”

తెగిపోయింది. ఆవిడ మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ. మూడోసారికి సార్ లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

జూన్ 29

ఆశాజ్యోతి గారి మెసేజ్. డెబ్బై ఒకటో పాఠం నా దగ్గర ఉంచుకోవద్దని. అది ఆయన తనతో అన్న మాట అని.

మీ ఫోన్‌లో నేను పంపిన ముక్క వినిపిస్తోందా అండీ అని మూడుసార్లు అడిగాను. వినిపిస్తోందన్నారు.

తీసేశాను.