సాక్ష్యంలో ఈరమ్మ పేరు

ఆదివారం రాత్రి, బ్రూస్‌పేట

ఈరోజు చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచాను. ఎదురింటి ఈరమ్మ జ్వరంతో పడి ఉంటే, తగ్గేదాకా గంజి కాచి ఇచ్చానని చెప్పాను. పాపం దిక్కులేనిదని కూడా అన్నాను. అందరూ "స్తోత్రం" అంటుంటే నాకు కడుపు నిండింది. తీరా చూస్తే, రమ్మని నేనే పిలిచిన ఈరమ్మ వెనక చాప మీద తల వంచుకుని కూర్చుని ఉంది.

బయట చెప్పులు వేసుకుంటూ మెల్లగా అంది: "అక్కా, నువ్వు గంజి తెస్తాంటే నాకూ ఒక అక్క ఉండాది అనుకుంటి. దిక్కులేనిదాన్నని ఈడికొచ్చినాకే తెలిసె."

సాయంత్రం నా గంజి గిన్నె తోమి, నన్ను పిలవకుండానే గడప మీద పెట్టి వెళ్ళింది.

ప్రభువును క్షమించమని అడగడానికి మోకాళ్ళు వెంటనే వంగాయి. వీధి దాటి ఈరమ్మను అడగడానికే కాళ్ళు రావడం లేదు.