తెలియకపోతే తెలియదనాలి

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కారాలు. ఇక్కడ నేనూ, పిచ్చుకా క్షేమం. ఇంట్లో మూడో ప్రాణి, అంటే వంటింటి కుళాయి, మాత్రం క్షేమంగా లేదు. వెళ్ళేముందు మీరు దాని మెడకు చుట్టిన గుడ్డ ఊడిపోయింది. బాగుచేసే ఆయన రెండుసార్లు వచ్చి, దాని వంక చూసి పెదవి విరిచి, టీ తాగి వెళ్ళాడు. అక్కడ మీరూ, మీతో పనిచేసేవాళ్ళూ కులాసా అని తలుస్తాను. ఆ సొరంగం పనిలో, కొండ లోపల తడికి మీ దగ్గు మళ్ళీ తిరగబెట్టిందని ఉత్తరం చదవగానే తెలిసిపోయింది. మీరు ఆ మాట రాయలేదు గానీ, ఆరోగ్యం బాగానే ఉందని రెండుసార్లు రాశారు. ఒక్కసారి రాసి ఊరుకుంటే నమ్మేదాన్ని.

మీరడిగిన వాటికి జవాబులు. నా మోకాలు నొప్పి తగ్గింది. మీ గొడుగు దొరికింది, తలుపు వెనక మీరే పెట్టారు, అనవసరంగా పక్కింటి పెద్దమ్మను అనుమానించాం. పిచ్చుకకు కొత్త బూట్లు సరిగ్గా సరిపోయాయి. లేసులు కట్టుకోవడం మంగళవారం వచ్చింది, బుధవారం పోయింది, గురువారం మళ్ళీ వచ్చింది. "పోతే పోయిందిలే అమ్మా, బూట్లు కాళ్ళకే ఉన్నాయిగా" అంటుంది. పదకొండేళ్ళకే వేదాంతం మాట్లాడుతోంది మీ కూతురు. మంచి చేస్తే మీ కూతురు, అల్లరి చేస్తే నా కూతురు అని మీరు పెట్టిన పద్ధతిని మీరు లేనప్పుడు తిరగేశాను.

క్లాసులు ఎలా సాగుతున్నాయని అడిగారు. ఈసారి ఆరోగ్య కేంద్రం మేడ మీద గది ఇచ్చారు. కిటికీ అద్దం ఒకటి పగిలితే అట్టముక్క అడ్డం పెట్టారు. ఫ్యాను వేస్తే టకటకమని ఒకటే గోల. బాగుచేయిస్తామంటే వద్దని చెప్పాను, నా పాఠానికి ఆ గోల కావాలి. మొదటిరోజు నేను పెట్టే పరీక్ష మీకు తెలుసుగా. ఫ్యాను జోరుగా పెట్టి, రేడియో కూడా పెట్టి, ఊపిరి తీసుకోకుండా వరసపెట్టి పనులు చెప్తాను. పెన్ను ఎడమచేతిలోకి మార్చండి, కాగితం మడవండి, మీ వీధి పేరు వెనకనుంచి రాయండి, పక్కవాళ్ళ కాగితం తీసుకోండి, ఇలా. చివర "అర్థమైందా?" అంటాను. అందరూ బుద్ధిగా తలలూపుతారు. ఒక్కరూ చెయ్యలేరు. అప్పుడు రేడియో కట్టేసి చెప్తాను, తల్లి కడుపులో ఉండగానే మద్యం తగిలిన పిల్లలకి రోజంతా ఇలాగే ఉంటుందని. మాటలు గలగలా వస్తాయి, తల ఊపడమూ వస్తుంది, మెదడుకు తగిలిన దెబ్బ పైకి కనపడదు. అందుకే మనం పొగరనుకుంటాం, మొండితనమనుకుంటాం, పెద్దవాళ్ళయ్యాక నేరమే అనుకుంటాం.

ఈసారి నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఇద్దరు టీచర్లు, ఒక నర్సమ్మ, ఆడపిల్లల హాస్టల్ వార్డెను, ఒక మీసాల పోలీసాయన. మంచివాళ్ళే. ఒకసారికి ఒకే మాట చెప్పాలి, ఎప్పుడూ అవే మాటల్లో చెప్పాలి, "అర్థమైందా" అనకుండా "చేసి చూపించు" అనాలి అని నేను చెప్తుంటే శ్రద్ధగా విన్నారు. "నిన్న చెప్పానుగా" అన్నవాళ్ళకి ఆ పూట బిస్కెట్లు లేవని కూడా రూలు పెట్టాను. టీచర్లిద్దరూ మొదటిరోజే బిస్కెట్లు పోగొట్టుకున్నారు. అందరిలోకీ పోలీసాయనే బాగా నేర్చుకున్నాడు. ఇలాంటివాళ్ళు ఎదుటివాళ్ళని సంతోషపెట్టడానికి అడిగినదానికల్లా అవునంటారని చెప్పినరోజు, "మా స్టేషన్లో ఒప్పుకున్నవాళ్ళందరూ చేసినవాళ్ళు కాదేమోనమ్మా" అన్నాడు. ఆ పూట టీ కూడా ముట్టలేదు.

కుళాయి గురించీ, గొడుగు గురించీ, ఫ్యాను గురించీ ఇంత రాశానంటే ఏదో దాస్తున్నానని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పన్నెండేళ్ళ కాపురం మరి. ఫోనులో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను, మీ గొంతు వినగానే వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాను. రాస్తే తప్ప నావల్ల కాదు.

పిచ్చుకకు చెప్పేశానండీ. తను మన కడుపున పుట్టలేదని దానికి ఎప్పుడో తెలుసు. మెదడు వేరేగా పనిచేస్తుందనీ తెలుసు. ఎందువల్ల అలా అయిందో మాత్రం వేసవిలో మీరొచ్చాక, దాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని, చెరో పక్కనుంచి చెబుదామని కదా అనుకున్నాం. మీరు ఆ రోజు కోసం ఎంత ఆలోచించారో నాకు తెలుసు. మీరు పక్కన లేకుండా, అదీ అంతమంది ఎదురుగా చెప్పాల్సొచ్చింది.

ఎలా జరిగిందంటే, పోయిన బుధవారం బడికి సెలవిచ్చారు. పక్కింటి పెద్దమ్మ ఊళ్ళో లేదు. సరే, చివరి వరసలో కూర్చుని రంగులేసుకుంటుందిలే అని నాతో తీసుకెళ్ళాను. చక్కగా కూర్చుంది. అందరికీ బిస్కెట్లు పంచింది, టీచర్లకి పంచేముందు "వీళ్ళకి ఇవ్వొచ్చా?" అని నన్నడిగి మరీ ఇచ్చింది. ఇక నేను పాఠంలో పడిపోయాను. మీరెప్పుడూ అంటారే, పాఠంలో పడితే నీకు ఇల్లు కాలినా తెలియదని, అలాగే అయింది. ఎప్పటిలాగే "నాకు తెలిసిన ఒక పాప" అని మొదలుపెట్టాను. పేరు చెప్పకపోతే చాలనుకున్నాను. ఆ పాప లేసులు నేర్చుకోవడం, మర్చిపోవడం, ఆకుపచ్చ చెంచా కనపడకపోతే అన్నం ముందు ఏడుస్తూ కూర్చోవడం, అన్నీ చెప్పాను. ఆ పాప ఉన్న గదిలోనే ఉన్నానని ఒక్క క్షణం కూడా గుర్తులేదు.

పోలీసాయనకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ ఊపులో, "అంత బంగారుతల్లిని కడుపులో పెట్టుకుని తాగిందంటే, అసలదీ ఒక తల్లేనా అమ్మా?" అన్నాడు.

వెనకనుంచి రంగుపెన్సిళ్ళు కింద పడ్డ చప్పుడైంది.

"అమ్మా, ఆకుపచ్చ చెంచా పాప నేనే కదా?" అంది పిచ్చుక. నేను అవునన్నాను. "అయితే తాగింది నా మొదటి అమ్మా?"

ఇన్నేళ్ళు ఇంతమందికి నేర్పినదాన్ని, ముందు కదలాల్సింది నేనండీ. పాపం ఆ పోలీసాయనే ముందు కదిలాడు. వెళ్ళి దాని బల్ల దగ్గర గొంతుక్కూర్చుని, పెద్ద వాక్యం ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, నేను నేర్పినట్టే మళ్ళీ చిన్నగా చెప్పాడు. "నేను తప్పు మాట అన్నాను. మీ మొదటి అమ్మ మంచిది."

"ఆవిడ నీకు తెలుసా?" అంది.

"తెలియదమ్మా."

"మరి తెలియకపోతే తెలియదనాలి" అంది. దాని తప్పేం లేదు, కల్పించి చెప్పకుండా ఉండాలని దానికి మనం నేర్పిన పాఠమే అది. ఆయన "అవునమ్మా, తెలియదు" అని తల దించుకున్నాడు.

అప్పుడు నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. శిశు గృహంలో మనకి చెప్పినదాంట్లో నిజమని తెలిసిన మాటలే చెప్పాను. ఒక్కొక్కటిగా, ఆగి ఆగి. వార్డెనమ్మ లేచి ఫ్యాను ఆపేసింది. విన్నాక పిచ్చుక కాసేపు బూట్లకేసి చూసుకుని, "పెన్సిళ్ళు ఏరుకోవాలి" అంది. అందరం వంగి ఏరాం. ఇంటికొచ్చాక, అది నిద్రపోయాక, మీ చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. నన్ను క్షమించండి. మీకు రావాల్సిన రోజుని నేను లాగేసుకున్నట్టయింది.

ఇక్కడితో అయిపోతే ఉత్తరం ఇంత పెద్దదయ్యేది కాదు. మర్నాడు బడికి నడుస్తుంటే, "నా మొదటి అమ్మ తాగిందా?" అని మళ్ళీ అడిగింది. నిన్న చెప్పానుగా అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. నేను పెట్టిన రూలు ప్రకారం ఆ పూట నాకే బిస్కెట్లు ఉండకూడదు. మళ్ళీ చెప్పాను. ఆ తర్వాతి రోజు కూడా అడిగింది. ఆ రోజు కాస్త మెత్తగా ఉంటుందని మాటలు మార్చి చూశాను. వెంటనే నిలబడిపోయి, "మొన్న అలా చెప్పలేదు, ఏది నిజం?" అని కంగారు పడిపోయింది. దాన్ని శాంతపరిచేసరికి బడి గంట కొట్టేశారు. దీనికి ఒకసారి చెప్పడం అనేది లేదండీ. మనిద్దరం చెరో పక్క కూర్చుని చెప్పాల్సిన రోజు పోలేదు, రోజూ ఉంటుంది. కాబట్టి మీరు ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు కంఠతా పట్టండి:

నీ మొదటి అమ్మ నిన్ను కడుపులో మోసింది. అప్పుడు ఆవిడకి మద్యం మానలేని జబ్బు ఉంది. ఆ మద్యం నీ దాకా వచ్చింది, నీ మెదడుకి దెబ్బ తగిలింది. ఆవిడ కావాలని చెయ్యలేదు, నీ తప్పూ లేదు.

మీ ఇష్టమొచ్చినట్టు అలంకారాలు చెయ్యకండి. మందు అని కూడా అనకండి, మీ దగ్గుమందు అనుకుని మీ సీసా కిటికీలోంచి విసిరేస్తుంది.

ఆదివారం పొద్దున్న జుట్టు దువ్వుతుంటే ఆ మాటలు తనే పైకి చెప్పుకుంది. ఒక్కటీ పొల్లుపోలేదు. నేను మురిసిపోయాను. అంతలో అద్దంలోంచి నా వంక చూస్తూ, "నాకు నువ్వున్నావు, నాన్న ఉన్నారు. ఆవిడకి ఎవరున్నారు?" అంది.

ఆ తల్లిని నిందించకూడదని ప్రతి క్లాసులో చెప్తాను. దానికోసం విడిగా ఒక గంట కేటాయిస్తాను. ఆవిడకి ఎవరున్నారని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదండీ. మన పిల్లను మనకిచ్చిన మనిషి గురించి, ఎక్కడుంది, తిన్నదా లేదా అని మనం ఒక్కరోజైనా మాట్లాడుకున్నామా? నాకు సిగ్గేసింది. జడ గట్టిగా అల్లేస్తూ, "ఎవరో ఒకరు ఉండే ఉంటారులే" అన్నాను.

"నీకు తెలుసా?"

"తెలియదు."

"మరి తెలియకపోతే తెలియదనాలి" అని నిట్టూర్చింది, నాకు చెప్పీ చెప్పీ విసిగిపోయినట్టు. తర్వాత, "నాన్నని అడుగుదాం" అంది.

అందుకే అడుగుతున్నాం. దత్తత పనులన్నీ చూసింది మీరే. ఆవిడ గురించి అక్కడివాళ్ళు మీకు ఇంకేమైనా చెప్పారా? ఉందో లేదో ఇప్పుడు అడిగితే చెప్తారా? మీరు బాగా ఆలోచించి ఐదో మాట రాసి పంపండి, ఇద్దరం అదే చెబుదాం. చిన్న మాట అయి ఉండాలి, నిజం అయి ఉండాలి. ఏమీ తెలియకపోతే "తెలియదు, కనుక్కుంటాం" అని రాయండి. కానీ అలా రాస్తే మాత్రం కనుక్కోవాల్సిందే. ఇవాళ శుక్రవారం. లేసులు మళ్ళీ మర్చిపోయింది గానీ, ఆవిడకి ఎవరున్నారని అడగడం ఒక్కరోజూ మర్చిపోలేదు.

దగ్గుకి డాక్టరుకి చూపించుకోండి.

ఇట్లు,
మీ జవాబు కోసం పిచ్చుకతో పాటు గుమ్మంలోనే ఉన్న,
దాని రెండో అమ్మ